ఎండ నేను జూస్కుంట

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఉన్నాయని నమ్మాల్సి వస్తే అందరికంటే ముందు నేనే నమ్మాలి, ఎందుకంటే నా వృత్తి శవం. సినిమాల్లో నన్ను కాల్చారు, పూడ్చారు, గోదాట్లో వదిలారు, మంచుగడ్డల మీద రోజంతా పడుకోబెట్టారు. ఇన్నిసార్లు చచ్చినా ఒక్కసారైనా దయ్యమై తిరిగింది లేదు. ప్యాకప్ అనగానే దండలు తీసి పక్కన పెట్టి, టీ కోసం వరసలో నిలబడ్డమే.

నా పేరు వీర్రాజు. మాది తణుకు దగ్గర పల్లె. కృష్ణానగర్‌లో డెడ్‌బాడీ వీర్రాజు అంటే ఎవరైనా నా గది చూపిస్తారు. నాలుగొందల సినిమాల్లో శవంగా చేశానని చెబుతుంటాను. అది కోత. వంద దాటి ఉండవు.

ఈ సంగతి ముందే ఒప్పుకోవడానికి కారణముంది. కోతలు కోయడం నాకు చిన్నప్పటి అలవాటు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా అక్కడక్కడా పడతాయి. పడ్డచోట నేనే ఆగి చెప్పేస్తాను. అవన్నీ తీసేశాక చివర్లో ఒక చిన్న ముక్క మిగులుతుంది. అది మాత్రం నాది కాదు. ఆ ముక్క కోసమే ఇదంతా రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం నా తుంటి ఎముక విరిగింది. షూటింగులో పాడె మోస్తున్నవాడి కాలు జారి, నేను పాడె మీంచి పడ్డానని ఫిల్మ్‌నగర్ అంతా చెప్పుకున్నారు. చెప్పింది నేనే. నిజానికి మా గదులన్నిటికీ కలిపి ఉన్న ఒక్క బాత్రూములో సబ్బునీళ్ల మీద కాలు జారింది. ఇంత పేరున్న శవానికి అంత చిన్న ప్రమాదమేమిటని పాడె చేర్చాను.

పక్కగది సత్తిబాబు అంబులెన్సు పిలిపించి, జూబ్లీహిల్స్ గుట్ట ఎక్కాక వచ్చే ఒక ఆసుపత్రిలో చేర్పించాడు. పేరు చెప్పను, వాళ్లు నాకు మంచే చేశారు. సత్తిబాబూ నాలాంటి జూనియర్ ఆర్టిస్టే. పెళ్లి సీన్లలో అక్షింతలు వేస్తాడు, కోర్టు సీన్లలో వెనక బెంచీ మీద కూర్చుంటాడు. నాకు పెళ్లి కాలేదు. సినిమాల్లో నా మీద పడి ఏడ్చిన భార్యలూ కొడుకులూ ఎందరో ఉన్నారు. ఊళ్లకు ఊళ్లే ఏడ్చాయి. ఆసుపత్రిలో దగ్గరి బంధువు ఎవరని అడిగితే మాత్రం చెప్పడానికి పేరు లేకపోయింది. సత్తిబాబు తన పేరిచ్చాడు. ఏమవుతారంటే, "పక్కగదండి" అన్నాడు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ వచ్చి, రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా అని అడిగింది. చిన్నపిల్ల, ఓపిక గల మనిషి. "మందులా? నాది ఉక్కు శరీరం తల్లీ, తలనొప్పి మాత్ర కూడా ఎరగను" అన్నాను. ఏళ్ల తరబడి నిద్రమాత్ర లేకుండా నాకు కన్ను మూతపడదు. ఆ కోత ఎంత పని చేసిందో నాకు తర్వాత తెలిసింది.

ఆపరేషన్ బాగానే అయిందట. లోపలికి తీసుకెళ్లేముందు నా కళ్లజోడూ, చెవి మిషనూ తీసి కవర్లో పెట్టి మంచం పక్క సొరుగులో ఉంచారు. అవి అక్కడే ఉండిపోయాయి. నాకు గుర్తుచేసేవాళ్లు లేరు, నేను అడిగే స్థితిలో లేను. కళ్లజోడు లేకపోతే మనుషులు నాకు తెల్లటి మసకలు. చెవి మిషను లేకపోతే మాటలన్నీ బావి అడుగు నుంచి వస్తాయి. ఒంటికి మూత్రం గొట్టం ఒకటి, సెలైను గొట్టం ఒకటి. పగలేదో రాత్రేదో తెలియని వెలుతురు.

అలా ఉండగా షూటింగ్ మొదలైంది.

చాలా పెద్ద యూనిట్. క్రేను దిగింది. వాన మిషను వచ్చింది. వెయ్యిమంది తెల్లబట్టలు కట్టుకుని వరసలు కట్టారు. పెద్ద హీరో ఒకాయన నా పాదాలు పట్టుకుని... ఇలా చెబితే టీకొట్టు దగ్గర జనం గ్లాసులు చేతిలోనే పెట్టుకుని వింటారు. చెప్పాను కూడా. క్రేను లేదు, వాన లేదు. హీరో అసలే లేడు.

ఉన్నది ఒక పెద్ద గది. అటూ ఇటూ మంచాలు. ప్రతి మంచం మీదా ఒక శవం. అందరూ నా ఈడువాళ్లే, నేనెరగని జూనియర్లు. అద్భుతంగా చేస్తున్నారు, ఒక్కరికీ పొట్ట కదలడం లేదు. వీళ్ల మధ్య పరువు పోగొట్టుకోకూడదనుకున్నాను. మంచాల పక్కన లైటు స్టాండ్లున్నాయి. అవి సెలైను స్టాండ్లని ఇప్పుడు తెలుసు. ఎవరో "రన్నింగ్" అన్నారు. కట్ అనలేదు.

కట్ అనలేదు గనక నేను కదలలేదు.

నీళ్ల గ్లాసు పెదాలకు ఆనిస్తే పళ్లు బిగించాను. శవం గుటక వేస్తే షాటు పోతుంది, మళ్లీ మొదట్నుంచి తియ్యాలి. అన్నమూ అంతే. పిలిస్తే పలకలేదు. కొన్ని పొద్దుల్లో కాసేపు తేరుకునేవాణ్ని. ఇది ఆసుపత్రి, నేను వీర్రాజునని తెలిసేది. అర ఇడ్లీ తినేవాణ్నట. పొద్దు వాలేసరికి మళ్లీ షూటింగే.

భయం వేయలేదు. నన్ను బాధపెట్టింది వేరే. మా పద్ధతిలో ముందు శవాన్ని పడుకోబెడతారు, లైట్లు సరిచూస్తారు, అన్నీ కుదిరాక ఏడ్చేవాళ్లను పిలుస్తారు. నేను వాళ్ల కోసం చూస్తూ పడుకున్నాను. ఎంతకీ రారు. తలుపు తీసిన చప్పుడైతే వచ్చారనుకుంటాను, ఎవరో తెల్లగా వచ్చి గొట్టం సరిచేసి పోతారు. ఈ సీన్లో నా కోసం ఎవర్నీ రాయలేదేమో అనిపించింది. చెంపల మీదకు నీళ్లు జారితే, శవానికి కన్నీళ్లేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒక్క మనిషి మాత్రం ఉన్నాడు. కిటికీ దగ్గర, యాదగిరి.

యాదగిరి బోరబండ మనిషి, లైట్‌మన్. శవానికి అసలు శత్రువు ఎండ. షాటుకీ షాటుకీ మధ్య హీరోకు గొడుగు వస్తుంది. మమ్మల్ని లేవనివ్వరు, లేస్తే పూలూ పసుపూ చెదిరి ముందు షాటుకు అతకదని. మిట్టమధ్యాహ్నం మొహం మాడిపోతుంటే యాదగిరి ఒక్కడే తన థర్మాకోలు అట్ట ఎత్తుకొచ్చి నాకు అడ్డం పట్టుకుని నిలబడేవాడు. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు. "ఫికర్ జెయ్యకన్నా, ఎండ నేను జూస్కుంట" అనేవాడు. ఎన్నేళ్లు చేశామో, అన్నేళ్లూ అదే మాట.

ఆయన పోయి చాలాకాలమైంది. శ్మశానం దాకా నేనూ నడిచాను. ఆరోజూ ఎండే. ఆయన మొహానికి నా కండువా అడ్డం పట్టాను. అంతకంటే నాకేం చేతనవుతుంది.

ఆ మనిషే పడమటి కిటికీ దగ్గర అట్ట పట్టుకుని నిలబడ్డాడు. పైలోకం సంగతులు చాలా చెప్పాడని రాయాలని ఉంది. చెప్పలేదు. ఎప్పుడూ అనే ఆ ఒక్క మాటే అన్నాడు. ఒకటి మాత్రం చెప్పగలను. కళ్లజోడు లేని నాకు ఆ గదిలో అందరూ మసకే. యాదగిరి ఒక్కడే స్పష్టంగా ఉన్నాడు. బొటనవేలికి ఎప్పుడూ చుట్టుకునే నల్లటి కరెంటు టేపుతో సహా.

ఇవతల ఏం జరిగిందో వాళ్లూ వీళ్లూ తర్వాత చెప్పగా తెలిసింది.

సత్తిబాబు మరో ఇద్దరిని వెంటేసుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు. నేను కళ్లు తెరిచి, రెప్ప వాల్చకుండా పైకప్పు చూస్తున్నాను. నా పేరు నిలబెట్టిన భంగిమే అది.

"చూశారా, మంచం కనబడితే చాలు, మావోడు డ్యూటీ ఎక్కేస్తాడు" అన్నాడు సత్తిబాబు.

"బాబాయ్, ఇక్కడ కెమెరా లేదు, లే!"

"లెగడ్రా. మనం వెళ్లేదాకా అలాగే ఉంటాడు. అదీ మొండితనవంటే."

చప్పట్లు కూడా కొట్టారట. అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. "ఈయన మామూలుగా ఇలాగే ఉంటారా? మీకేమైనా తేడా కనిపిస్తోందా?" అని అడిగింది.

"తేడా ఏం లేదండి మేడమ్, ఎప్పుడూ ఇంతేనండి. ఒకసారైతే డైరెక్టర్‌గారే జడిసిపోయి నాడి పట్టి చూశారండి" అన్నాడు సత్తిబాబు.

ఆ డైరెక్టర్ నాడి చూసిన కథ కూడా నేను కోసిందే.

ఆ పిల్ల అడగాల్సిన ప్రశ్నే అడిగింది. మావాళ్లే తప్పు జవాబిచ్చారు. వేరే ఇంట్లో పెద్దాయన ఇలా పడుంటే కంగారు పడతారు. మాలో ఒకడు కదలకుండా పడుంటే, ఎంత బాగా చేస్తున్నాడో అనుకుంటాం.

కొన్ని రోజులకు నవ్వులు ఆగాయి. నేను చిక్కిపోయాను. ఈసారి సత్తిబాబుకు ఇంకో జవాబు దొరికింది. వయసు మీదపడింది, మతి పోయింది, ఇంతే ఇక. మనసున్నవాడే, నా మంచి కోసమే ఆలోచించాడు. గది ఖాళీ చేయించి, ఊరవతల ఏదో ఆశ్రమంలో చేర్పిద్దామని ఓనరుతో మాట్లాడేశాడు. అలా వెళ్లుంటే మంచినీళ్లు కూడా ముట్టని నేను ఎన్నాళ్లుండేవాణ్నో మీరే ఊహించుకోండి. ఈసారి చావు నిజంగానే దగ్గరకొచ్చింది, శవం మాత్రం కట్ కోసం ఎదురుచూస్తోంది.

అప్పుడు వచ్చింది మార్తమ్మ.

మార్తమ్మ నా విధవ. అంటే సినిమాల్లో. గుంటూరువైపు క్రైస్తవ కుటుంబం, వెంగళరావు నగర్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటుంది. ఇంట్లో బొట్టు పెట్టుకోని మనిషి, షూటింగులో చెరిపించుకోవడం కోసమే పెట్టించుకునేది. నా శవం మీద పడి గొల్లున ఏడుస్తూ, నా చెవిలో మాత్రం "చొక్కాకు బొత్తం లేదు, ఇదేం శవమండీ" అనేది. నాకు నవ్వుతో పొట్ట అదిరి ఎన్ని షాట్లు పోయాయో.

మా దగ్గర ఒక ఆచారముంది. చావు సీను అయిపోయాక, కెమెరా ఆపకుండా, శవంగా పడుకున్నవాడి చేత కళ్లు తెరిపించి ఒకసారి నవ్విస్తారు. ఆ ముక్క సినిమాలో ఉండదు. కీడు పోవడానికి. నవ్వని శవం ఇంటికి వెళ్లకూడదంటారు. నాకు నమ్మకం లేదు గానీ ఒక్కసారి కూడా నవ్వకుండా లేచింది లేదు.

గుంటూరు వెళ్లిన మార్తమ్మ తిరిగొచ్చిన రోజే, భోజనాల వేళ దాటాక ఆసుపత్రికి వచ్చిందట.

"ఏమండోయ్ స్వర్గస్థులు గారూ! ఈసారి ఎవరు చంపారు మిమ్మల్ని?"

నేను పైకప్పు చూస్తూనే ఉన్నానట.

"లాభం లేదక్కా. లోపల మనిషి లేడు" అన్నాడు సత్తిబాబు.

"నువ్వుండవయ్యా" అని మార్తమ్మ మంచం అంచున కూర్చుని, గుండెలు బాదుకుంటూ మొదలుపెట్టింది. "నన్నొదిలి పోయావా రాజా! ఇంక ఎవరి కోసం చెయ్యనయ్యా చేపల పులుసూ!" పక్క మంచాలవాళ్లు తలలు తిప్పారు. నర్సు పరుగెత్తుకొచ్చింది. ఏడుపు మధ్యలో మార్తమ్మ వంగి నా చెవిలో బొత్తం మాట కూడా అంది. నా పొట్ట అదరలేదు.

"సరే, కట్. కట్ చెప్పేశారండీ. నవ్వండి."

నేను నవ్వలేదు. పెదాలు మాత్రం కదిలాయట. "ఇంకా చెప్పలేదు."

మార్తమ్మ లేచి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. "అమ్మా, నా వయసంతా ఈయన పక్కన కూర్చుని ఏడ్చాను. కట్ అన్నాక నవ్వకుండా ఉన్నది లేదు. ఇది యాక్షన్ కాదు. మతి పోవడమూ కాదు. ఆపరేషన్ ముందురోజు ఫోన్ చేసి, పాడె మీంచి పడ్డానని నాకు గంటసేపు కోశాడు. మతి పోయినవాడు అన్ని కోతలు కోయలేడు."

"ఈ మాట కోసమే అందర్నీ అడుగుతున్నానండీ. ఇదివరకు ఎలా ఉండేవారో సరిగ్గా చెప్పినవాళ్లు ఒక్కరూ లేకపోయారు" అందట డాక్టరమ్మ.

వెంటనే వచ్చి, నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంది. డిసెంబరు దగ్గరే ఆగిపోయానట. మూత్రం పరీక్షలో చీము బయటపడింది. ఒంట్లో నీళ్లు లేవు. నిద్రమాత్ర సంగతి మార్తమ్మే చెప్పింది, షూటింగులో నా సంచీ ఆవిడ దగ్గరే ఉండేది. అలవాటైన మాత్ర ఒక్కసారిగా ఆగిపోయినా ఇలా అవుతుందట. అన్నీ కలిసి మెదడును తలకిందులు చేశాయి. డెలీరియం అంటారంది. మా అమ్మమ్మ సన్నిపాతం అనేది. మతిమరుపు జబ్బు నెలల మీద మెల్లగా వస్తుంది, ఇది రోజుల్లో వచ్చిపడుతుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. కారణం పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

"కేకలు పెట్టి గొట్టాలు పీకేసుకుంటే ఎవరైనా గుర్తుపడతారు తాతగారూ. మీలా బుద్ధిగా పడుండేవాళ్లనే మేమూ పోగొట్టుకుంటాం" అంది ఆ పిల్ల, నేను తేరుకున్నాక.

గొట్టం తీసేశారు. చీముకు మందిచ్చారు. నిద్రమాత్రను లెక్క ప్రకారం ఇచ్చి మెల్లగా తగ్గించారు. సొరుగులోంచి కళ్లజోడూ చెవి మిషనూ బయటికొచ్చాయి. ఎదురుగా గోడ మీద పెద్ద గడియారం, తేదీల కాగితం పెట్టారు. పగలు కూర్చోబెట్టి, పట్టుకుని నాలుగడుగులు వేయించారు. రాత్రి లైట్లార్పి పడుకోనిచ్చారు. మార్తమ్మ కృష్ణానగర్ మొత్తానికి కాల్‌షీట్లు వేసింది. వంతులవారీగా ఎవరో ఒకరు వచ్చి, "బాబాయ్, నేను ఫలానా, ఇవాళ ఫలానా వారం, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, నీళ్లు తాగు" అనాలి. షూటింగ్ మాట ఎత్తకూడదు, నాతో వాదించకూడదు. సత్తిబాబు ప్రతి పూటా నీళ్లు తాగించి, ప్రతి పూటా క్షమాపణ అడిగేవాడు. ఓనరుకు ఫోన్ చేసి, గది అలాగే ఉంచమన్నాడు.

షూటింగ్ మెల్లగా పలచబడింది. ముందు శవాలు దగ్గడం, తిట్టుకోవడం మొదలెట్టాయి. తర్వాత స్టాండ్లు సెలైను స్టాండ్లయ్యాయి. ఒకరోజు మార్తమ్మ "కట్" అంటే నవ్వాను. ఆవిడ గ్లిజరిన్ లేకుండా ఏడ్చింది. ఏడవలేదని ఇప్పుడు దబాయిస్తోంది. అది మాత్రం నా కోత కాదు.

ఇంతవరకూ అర్థమయ్యే కథే. సన్నిపాతం వచ్చింది, ఏవో కనబడ్డాయి, తగ్గింది. యాదగిరీ అందులో భాగమే అనుకున్నాను. క్రేను, వాన, హీరో అంటూ ఊరంతా చెప్పుకున్నాను గానీ, యాదగిరి సంగతి ఒక్కరికీ చెప్పలేదు. డాక్టరమ్మకూ చెప్పలేదు. ఎవరైనా నవ్వితే భరించలేననిపించింది.

కొన్ని వారాల తర్వాత, వాకరు పట్టుకుని వెంగళరావు నగర్ వెళ్లాను. మార్తమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మాటల్లో అంది.

"ఆరోజు మిమ్మల్ని చూడగానే ముందు ఏమనిపించిందో తెలుసా? లైటింగ్ భలే చేశారే అనిపించింది."

"లైటింగేంటి?"

"ఎండండీ. మంచం మీదకే కొడుతోంది. దిండు మీద ఎండ, దుప్పటి మీద ఎండ, ఏడుస్తుంటే నా చేతులు చుర్రుమన్నాయి. మీ మొహం మీద మటుకు నీడ. నలుచదరంగా, గీత గీసినట్టు. అట్ట అడ్డం పట్టినట్టు."

"కిటికీ దగ్గరెవరున్నారు?"

"ఎవరుంటారు? సత్తిబాబు నా వెనకున్నాడు, నర్సమ్మ తలుపు దగ్గరుంది. ఏమిటండీ, అలా చూస్తారు?"

మార్తమ్మకు అబద్ధం రాదు. రాకపోబట్టే హీరోయిన్ తల్లి వేషం దాకా పోలేకపోయింది.

ఎముక అతికిందో లేదో చూపించుకోవడానికి వెళ్లిన రోజు, మార్తమ్మను తోడు తీసుకుని, అదే వేళకు ఆ వార్డులోకి వెళ్లాను. కిటికీ పరదా సగానికే వస్తుంది. బయట చెట్టు లేదు, స్తంభం లేదు, తీగ లేదు. ఎదురుగా గుట్ట, దాని పైన ఆకాశం. సెలైను సంచీ నీడ ఎక్కడ పడుతుందో చూశాను, నేల మీద పడుతోంది. నర్సులు అడ్డం పెట్టే తెర అంత ఎత్తు లేదు. నా మంచం మీద ఇప్పుడు వేరే పెద్దాయన ఉన్నాడు. ఎండ సూటిగా ఆయన మొహం మీదే ఉంది. కళ్లు చికిలిస్తూ, నోరు తెరిచి, పైకప్పు చూస్తున్నాడు. పక్కన ఎవరూ లేరు.

మార్తమ్మ అప్పటికే నర్సును పట్టుకుంది. "ఈయన మనుషులెవరమ్మా? ఎప్పుడూ ఇలాగే ఉంటాడా? కళ్లజోడు ఉండాలే, సొరుగు చూడండి" అంటోంది.

నా చేతిలో ఎక్స్‌రే కవరుంది. పెద్దదే. ఒక చేత్తో వాకరు పట్టుకుని, ఇంకో చేత్తో కవరు ఎత్తి ఆయన మొహానికి అడ్డం పెట్టాను. "ఫికర్ చెయ్యకండి. ఎండ నేను చూసుకుంటా" అన్నాను. ఆయన వినలేదనుకుంటాను. కాసేపటికి రెప్పలు వాలాయి.

ఇక్కడ ఒక ముక్క చేర్చాలని చెయ్యి లాగుతోంది. నా చేతి పక్కన ఇంకో చెయ్యి కనబడిందని, దాని బొటనవేలికి నల్ల టేపు ఉందని. రేపు టీకొట్టు దగ్గర అలాగే చెబుతానేమో కూడా. ఇక్కడ చెప్పను. ఎవరూ కనబడలేదు. కిటికీ దగ్గర నేనొక్కణ్నే ఉన్నాను.

నా మొహం మీద ఆ నీడ ఎలా పడిందో ఇప్పటికీ నేను చెప్పలేను. డాక్టరమ్మకు తెలియదు, మార్తమ్మకు తెలియదు. ఒక్కటి మాత్రం గమనించాను. నా చెయ్యి వణుకుతుంటే, పెద్దాయన మొహం మీద నీడ కూడా వణికింది. బయటికొస్తూ మార్తమ్మను అడిగాను, ఆరోజు నా మొహం మీది నీడ కూడా ఇలాగే వణికిందా అని.

లేదంది. ఆవిడ ఉన్నంతసేపూ అది కదల్లేదట.